నడుమ ఊరు

అన్నలకు, అంటే నక్సలైట్లకు, అన్నం పెట్టిన పల్లెలు వాళ్ల గురించి ఏమనుకున్నాయి?

దళం ఊళ్లోకి వచ్చిన రాత్రి ఏ ఒక్క ఇంట్లోనూ అందరికీ వంట చేయించేవాళ్లు కాదు. రైతుకూలీ సంఘంలో తిరిగే కుర్రాడు గిన్నె పట్టుకుని వాడకట్టంతా తిరిగేవాడు. ఒక ఇంట్లో గటక, ఇంకో ఇంట్లో అన్నం, మరో ఇంట్లో ఇంత తొక్కు. అన్నీ ఒకచోట చేర్చి ఊరి బయట మామిడితోటలోనో, చెరువుకట్ట వెనకో దళానికి అందించేవాళ్లు. పేదింటి మీద పది మంది తిండి భారం పడొద్దని ఒక ఆలోచన. ఎవరు పెట్టారో పోలీసులకు తేలకూడదని ఇంకో ఆలోచన. తెల్లారేసరికి జీపు వచ్చేది. "ఎవరు పెట్టిండ్రు రా బువ్వ?" అని అడిగేవాళ్లు. ఊరంతా పెట్టింది కాబట్టి ఊరంతా దెబ్బలు తినేది.

1980ల నుంచి 2000ల నడిమి దాకా కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో, నల్లమల అంచు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. రాత్రి అన్నలు, పగలు పోలీసులు అన్న మాట అక్కడ సామెతలా వాడుకలో ఉండేది. అయితే ముద్ద పెట్టిన చెయ్యి ఏమనుకుంటూ పెట్టింది? భయపడి పెట్టారని పోలీసులు రాసుకున్నారు. విప్లవాన్ని ప్రేమించి పెట్టారని పార్టీ రాసుకుంది. నలభై ఏళ్లుగా ఈ రెండు జవాబులే మనకు వినపడుతున్నాయి. పెట్టినవాళ్లను నిమ్మళంగా కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ. అడిగినా, వినేది ఎవరో చూసుకుని గానీ వాళ్లు నోరు విప్పలేదు.

ఆ ఊళ్ల నడవడి చూస్తే నాకు ఒకటే తోస్తుంది. వెట్టి మాన్పించినందుకు ఊరు అన్నలకు దండం పెట్టింది. తగవు తీర్చమని తనే కబురు పంపింది. పేదవాణ్ణి చంపినప్పుడల్లా లోలోపల దూరం జరిగింది. చచ్చి వచ్చిన పిల్లలను తన పిల్లలనే ఏడ్చింది. తనను ఏలే హక్కు మాత్రం వాళ్ల చేతిలో పెట్టలేదు. ఈ మాటల్లో ఏ ఒక్కదాన్ని తీసేసినా మిగిలేది అబద్ధమే అవుతుంది.

గడీ ముందు, తుపాకీ తర్వాత

ఈ కథను తుపాకీతో మొదలుపెడితే ఊరి మనసు దొరకదు. ఉత్తర తెలంగాణలో తుపాకీ కంటే ముందు దొర గడీ ఉంది. 1948లో నిజాం రాజ్యం పోయింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం ఆగింది. పోరాట కాలంలో పట్నం పారిపోయిన దొరలు ఖద్దరు కట్టుకుని తిరిగొచ్చారు. రాజ్యాంగం వచ్చింది, ఎన్నికలు వచ్చాయి. అయినా 1970లలో కరీంనగర్ జిల్లా పల్లెల్లో చాకలి దొర బట్టలు ఊరికే ఉతికాడు, కుమ్మరి కుండలు ఊరికే ఇచ్చాడు, మాదిగ చెప్పులు ఊరికే కుట్టాడు. తగవు వస్తే తీర్పు గడీలో, జుర్మానా గడీలో, ఆ పైసలు మిగిలేదీ గడీలోనే. దొర ఎదురైతే కాలి చెప్పులు చేతిలోకి వచ్చేవి. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ అందరూ ఆయన మనుషులు. ఆ పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసేసరికి 1984 వచ్చింది.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు వేల సంఖ్యలో కదిలారు. ఆ ఊరేగింపును జైత్రయాత్ర అని ఇవాళ్టికీ చెప్పుకుంటారు. ఆ ముందూ వెనకా పల్లెల్లో కొత్త పని ఒకటి మొదలైంది. దొర ఇంటికి చాకలి పోలేదు, మంగలి పోలేదు, జీతగాడు పోలేదు. గుంజుకున్న జుర్మానాలు తిరిగి ఇమ్మన్నారు, కలుపుకున్న బంజరు వదలమన్నారు. కూలీలు గుంపుగా వచ్చి వాకిట్లో నిలబడితే దొర బయటికొచ్చి మాట్లాడాల్సి వచ్చింది. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు దిగాయి, కేసులు పడ్డాయి, కుర్రాళ్లు ఊళ్లు విడిచి తిరిగారు.

పీపుల్స్‌వార్ అనే నక్సలైటు పార్టీ, తర్వాతి మావోయిస్టు పార్టీ, ఏర్పడింది 1980 ఏప్రిల్ 22న. సాయుధ దళాలు ఊళ్లలో తిరగడం ఆ తర్వాతి మాట. ఊరు ముందు లేచింది, తుపాకీ వెనక వచ్చింది. అందుకే ఆ తొలి ఏళ్లలో తుపాకీని పల్లె ఏలికగా చూడలేదు. తను గెలుచుకున్నదానికి కాపలాగా చూసింది. రాత్రి వచ్చినవాడు పరాయివాడు కూడా కాదు. మొన్నటిదాకా పక్క ఊళ్లో చదువుకున్నవాడు, ఫలానా గౌడ్ల ఇంటి పిల్లగాడు, ఫలానా సారు కొడుకు. ముసలమ్మలు బిడ్డా అని పిలిచారు, పిల్లలు అన్నా అన్నారు.

అడవిలో లెక్క ఇంకా సూటిగా ఉండేది. తునికాకు కల్లం దగ్గర కాంట్రాక్టరు కట్టకు పైసల్లో చెల్లించేవాడు. ఎండాకాలం ముందు రేటు తేలేదాకా ఆకు కోయవద్దన్న పట్టు గోదావరి రెండు ఒడ్డులా వచ్చింది, ఏటేటా రేటు పెరిగింది. పోడు కొట్టినందుకు, ఇంటికి దూలం తెచ్చుకున్నందుకు ఫారెస్టోళ్లకు ఇచ్చే కోళ్లు, నెయ్యి, పైసలు ఆగిపోయాయి. ఇదే కాంట్రాక్టరు పార్టీకి చందా ఇస్తున్నాడన్నదీ ఊరికి తెలుసు. దాని మీద గుసగుసలు ఉండేవి. కానీ గార్డు గొడ్డలి గుంజుకున్న రోజులు చూసినవాళ్లకు ఆ గుసగుస పెద్దది కాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. హక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లని చెప్పాయి. అక్కడ కట్టిన స్తూపాన్ని ఒకసారి పేల్చేశారు, మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఏప్రిల్ 20 వచ్చిందంటే దశాబ్దాల పాటు అక్కడ నిషేధాజ్ఞలే. ఒక గోండు గూడెం అన్నలను ఎలా చూసిందో తెలుసుకోవాలంటే, ఆ గూడెం సర్కారును ఏ ముఖంతో చూసిందో ముందు తెలియాలి.

2010 సెప్టెంబరులో ఒక ఇంగ్లిష్ దినపత్రిక ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల్లో సర్వే చేయించింది. తమ ప్రాంతానికి నక్సలైట్ల వల్ల మంచే జరిగిందన్నవాళ్లు 58 శాతం. అప్పటికి ఆ జిల్లాల మైదానాల్లో దళాలు దాదాపు లేవు. ఢిల్లీ ఆ అంకె చూసి ఆశ్చర్యపోయింది. తెలంగాణ పల్లె తెలిసినవాళ్లు ఆశ్చర్యపోలేదు. భయపెట్టడానికి ఎవరూ లేని రోజున చెప్పిన మాట కాబట్టి దానికి విలువ ఉంది. అయితే అదే మనిషిని "మీ కొడుకును పంపుతారా?" అని అడిగితే ఏం చెప్పేవాడో కూడా అక్కడ అందరికీ తెలుసు.

ఒక్క రాత్రి తీర్పు

దొర మీద పంచాయితీలు కొన్నేళ్లలో అయిపోయాయి. ఆ తర్వాత దళం ముందుకు వచ్చినవన్నీ ఊరి లోపలివే. గెట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, వడ్డీ బాకీ, తాగి కొట్టే మొగుడు, రెండో పెళ్లి, కట్నం. కోర్టుకు పోతే వకీలు ఫీజు, బస్సు చార్జీలు, ఏళ్ల తరబడి వాయిదాలు. ఠాణాకు పోతే లంచం. దళం ఒక్క రాత్రిలో తేల్చేది. ఆడవాళ్లకు ఇది చిన్న మేలు కాదు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ వినేవాళ్లు లేని మనిషి నలుగురిలో నిలబడి తన బాధ చెప్పుకుంది, తప్పు చేసినవాడు తల వంచుకుని విన్నాడు. సారా దుకాణాలు మూయించిన ఊళ్లలో ఆడవాళ్లు దళాన్ని ఎంత ఇష్టపడ్డారో చెప్పనక్కర్లేదు.

కానీ తీర్పు అంత తేలిగ్గా దొరకడంలోనే చెడు కూడా మొలిచింది. ముందు చేరి చెప్పుకున్నవాడి మాటకు బలం వచ్చింది. రెండోవాడి మాట వినే ఓపిక అడవికి తిరిగి వెళ్లే తొందరలో ఉన్నవాళ్లకు ఎప్పుడూ ఉండలేదు. "అన్నలకు చెప్త చూడు" అన్నది పక్కింటివాళ్ల మధ్య బెదిరింపుగా మారింది. సంఘం నాయకుడికి చుట్టమైతే ఒక న్యాయం, కాకపోతే ఇంకో న్యాయం అన్న సణుగుడు మొదలైంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. 1978లో వంద మంది ఒక్కటై దొర వాకిట్లో నిలబడిన ఊరు, పదిహేనేళ్లు తిరిగేసరికి గెట్టు రాయి జరిపిన సంగతి మాట్లాడుకోవడానికి కూడా దళం రాక కోసం ఎదురుచూసింది. హక్కుల ఉద్యమకారుడు కే.బాలగోపాల్ లాంటివాళ్లు ఈ పరాధీనత గురించి రాశారు, మాట్లాడారు. జనం బలం స్థానంలో తుపాకీ బలం వచ్చి కూర్చుంటే ఊరు మళ్లీ చూస్తూ నిలబడేదిగా మిగులుతుందని హెచ్చరించారు.

దొరలు వదిలిపోయిన భూముల సంగతి కూడా అలాగే అయింది. ఎర్రజెండాలు పాతారు. దున్నితే పోలీసులు కేసులు పెట్టారు. దొర అమ్మబోతే పార్టీ వద్దంది. నల్లరేగడి భూములు ఏళ్ల తరబడి పడావు పడ్డాయి. చివరికి దళాలు పలచబడ్డాక చాలా చోట్ల దొరలే వచ్చి అమ్ముకున్నారు. జెండా పాతిన రోజు జీతగాడిగా ఉన్నవాడు అమ్మకం రోజున ఉపాధి హామీ కూలీగా ఉన్నాడు.

చీటీ

1992 మేలో పీపుల్స్‌వార్‌ను, దాని అనుబంధ సంఘాలను ప్రభుత్వం నిషేధించింది. గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు బలగాలు 1989 నుంచే అడవిలో తిరుగుతున్నాయి. ఊళ్లో మాత్రం వేరే యుద్ధం నడిచింది. సంఘంలో తిరిగిన కుర్రాణ్ణి ఠాణాకు పట్టుకుపోతారు. కొడతారు. వదిలేటప్పుడు రోజూ వచ్చి సంతకం పెట్టమంటారు, దళం వస్తే కబురు పంపమంటారు. కొందరికి డబ్బు ఇచ్చారు. కొందరికి ప్రాణాలతో వదిలేయడమే జీతం. కబురు పంపితే పార్టీ చంపుతుంది, పంపకపోతే ఏదో ఒక తెల్లవారుజామున ఎదురుకాల్పుల వార్తలో పేరు వస్తుంది. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లల ముందు పెట్టిన దారులివి.

తర్వాత ఊరి బయట శవాలు కనిపించడం మొదలైంది. పక్కన చీటీ. పోలీసు ఇన్‌ఫార్మర్ కాబట్టి ప్రజలు శిక్షించారని అందులో రాసి ఉండేది. ఆ ప్రజలు ఎవరో ఊరికి తెలియదు. ఎవరూ ఓటు వేయలేదు, ఎవరినీ అడగలేదు. చనిపోయినవాడు నిజంగా కబురు పంపాడా, పాత కక్షతో ఎవరైనా పేరు చెప్పారా, దెబ్బలకు ఓర్వలేక ఒక్కసారి నోరు జారాడా, ఇవేవీ చీటీలో ఉండవు. అలా పోయినవాళ్లలో దొరలు తక్కువ. ఎక్కువమంది దళం ఎవరి కోసం పుట్టానని చెప్పుకుందో ఆ ఇళ్ల పిల్లలే.

ఊరు అప్పుడు ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని పార్టీ ఒప్పుకోలుగా లెక్కవేసుకుంది. ఆ లెక్క తప్పని నేను గట్టిగా నమ్ముతాను. శవం దగ్గర నిలబడి నోరు మెదపనివాళ్లు ఇంటికెళ్లి తలుపేసుకుని మాట్లాడుకున్నారు. అంతకు ముందు గిన్నె వస్తే ఎదురెళ్లి పెట్టిన ఇల్లు, ఇప్పుడు గిన్నె వచ్చిందని పెట్టింది. ముద్ద అదే. లెక్క తీసేవాళ్లకు రెండింటి మధ్య తేడా కనపడలేదు.

సామాన్యుల మీద పడిన పెద్ద దెబ్బలు ఇంకా ఉన్నాయి. 1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర ప్యాసింజర్ రైలు బోగీకి పీపుల్స్‌వార్ వాళ్లు నిప్పు పెట్టిన ఘటనలో నలభై మందికి పైగా కాలిపోయారు. 2010 మే 17న దంతెవాడ జిల్లా చింగావరం దగ్గర మందుపాతరకు బస్సు తునాతునకలైంది. అందులో పోలీసు సహాయకులతో పాటు టికెట్ కొనుక్కుని ఎక్కిన జనం కూడా ఉన్నారు. ఇటువంటి రోజుల్లో ఊరికీ పార్టీకీ మధ్య తెగిన తీగను ఏ క్షమాపణా అతికించలేకపోయింది.

ఈ మాటలు పైకి అనడం ఎంత కష్టమో చెప్పడానికి వరంగల్ సరిపోతుంది. 1985 సెప్టెంబరు 3న, ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ అంతిమయాత్ర సాగుతున్న రోజున, పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు ఎ.రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పోలీసులను ప్రశ్నించినందుకు పడిన శిక్ష అది. రెండోవైపు, ఉద్యమం చేసే హత్యలను కూడా ప్రశ్నించాలన్న బాలగోపాల్ 1998లో తను పదిహేనేళ్లు నడిపించిన సంఘం నుంచి బయటికి వచ్చి మానవ హక్కుల వేదికను నిలబెట్టుకోవాల్సి వచ్చింది. చదువుకుని, పేరున్న మనుషుల పరిస్థితే ఇది. కొయ్యూరు అడవి పక్కన నాలుగెకరాల రైతు నోరు విప్పలేదని ఎవరు నిందించగలరు?

కొడుకుకు పాస్‌పోర్టు

తల్లిదండ్రులు తమ అభిప్రాయాన్ని ఇంకో రకంగా చెప్పారు. కొడుకు పదో తరగతి దాటాడంటే ఇంట్లో గుబులు. రాత్రి పాటలు వినడానికి వెళ్తున్నాడా, పొద్దున ఠాణా నుంచి పిలుపు వస్తుందా. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి భీవండికి, బొంబాయికి, దుబాయికి సాగిన వలసకు కరువు, అప్పులు, మగ్గాల కష్టం లాంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటి పక్కనే ఇదీ ఉంది. ఎకరం అమ్మి ఏజెంటు చేతిలో పెట్టి, బిడ్డ ఎడారిలో మేకలు కాసినా ఫరవాలేదు, బతికుంటే చాలనుకున్న తండ్రులు ఉన్నారు. ఆ తండ్రే అన్నల పాట వస్తే గొంతు కలిపేవాడు, వాళ్ల వల్లే దొర పీడ పోయిందనేవాడు. ఇది కపటం కాదు. ఉద్యమం మంచిదని నమ్మడం వేరు, తన బిడ్డ శవాన్ని మార్చురీలో గుర్తుపట్టడానికి సిద్ధపడటం వేరు.

సిద్ధపడకపోయినా గుర్తుపట్టాల్సి వచ్చిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. పేపర్లో గుర్తుతెలియని నక్సలైటు అని వార్త వస్తే, ఏళ్లుగా కొడుకు జాడ తెలియని తల్లులంతా ఉలిక్కిపడేవాళ్లు. కొందరు శవం కోసం వెళ్లేసరికి పోలీసులే పూడ్చేసి ఉండేవాళ్లు. 2002లో ఏర్పడిన అమరుల బంధుమిత్రుల సంఘం చేసిన పనిలో ఎక్కువ భాగం ఆస్పత్రుల మార్చురీల ముందే జరిగింది. శవాన్ని ఇప్పించుకోవడం, కడిగించడం, ఊరికి చేర్చడం.

2011 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లో చనిపోయిన మావోయిస్టు నాయకుడు కిషన్‌జీని, అంటే మల్లోజుల కోటేశ్వరరావును, పెద్దపల్లికి తెచ్చినప్పుడు వేల మంది వచ్చారు. అప్పటికి ఆ చుట్టుపక్కల పార్టీ పని లేదు, రమ్మని ఒత్తిడి చేసేవాళ్లు లేరు. వచ్చినవాళ్లందరూ మావోయిస్టులు అనుకుంటే అది పోలీసు చూపు. వాళ్లంతా తిరిగి తుపాకీ పట్టడానికి సిద్ధంగా ఉన్నారనుకుంటే అది పార్టీ భ్రమ. తమ కాలంలో తమ ఊరి నుంచి వెళ్లి తిరిగిరాని ఒక మనిషికి, వెళ్లిన కారణం న్యాయమైందేనని చెప్పడానికి వచ్చారు.

చీటీ పక్కన పడున్నవాడి పాడె వెనక మాత్రం ఇంత జనం లేరు. అతని తల్లి ఏడుపు కూడా ఏడుపే. ఊరి మీద నాకున్న ఒకే ఒక ఫిర్యాదు ఇది. దానికి కారణం భయమని తెలిసీ చెబుతున్నాను.

అర్జీలు పట్టుకుని

2004 ఎన్నికల్లో చర్చల హామీ ఇచ్చిన కాంగ్రెస్ గెలిచింది. కాల్పులు ఆగాయి. అక్టోబరులో నల్లమల నుంచి పార్టీ నాయకుడు రామకృష్ణ, ఇతర ప్రతినిధులు బయటికి వచ్చి హైదరాబాద్ మంజీరా అతిథి గృహంలో దిగారు. ఆ చర్చల రోజుల్లో అక్కడి గేటు ముందు కనిపించిన దృశ్యం మీద ఒక పుస్తకమే రాయొచ్చు. జిల్లాల నుంచి జనం అర్జీలు పట్టుకుని వచ్చారు. భూమి కబ్జా అయిందని, ఉద్యోగం పోయిందని, కేసు ఎత్తివేయించమని. కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లే మనుషులే, అదే రకం కాగితాలే. తుపాకీ పట్టినవాళ్లను ప్రభుత్వంతో మాట్లాడించిన ఎస్.ఆర్.శంకరన్ గారి పౌరస్పందన వేదిక 1997 నుంచి చెబుతూ వచ్చింది ఇదే: ఈ జనానికి కావాల్సింది తమ గోడు వినే దిక్కు. ఏ తలుపు తెరిచి ఉంటే ఆ తలుపు కొడతారు.

ఎన్నికలప్పుడూ ఊరు తన మాట చెబుతూనే ఉంది. ప్రతిసారీ బహిష్కరణ పిలుపు వచ్చేది, ప్రతిసారీ తెలంగాణ పల్లె వరసకట్టి ఓటు వేసింది. దళానికి అన్నం పెట్టిన చేతి వేలికే సిరా గుర్తు. ఇందులో వైరుధ్యం ఉందని ఊరికి తోచలేదు.

చర్చలు 2005 జనవరికి చెడిపోయాయి. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు చంపారు, రెండు రోజుల్లో నిషేధం తిరిగి వచ్చింది. ఆ సంభాషణ నుంచి మిగిలింది భూమి సమస్య మీద వేసిన కోనేరు రంగారావు కమిటీ, అది ఇచ్చిన 104 సిఫారసులు. వాటిని దుమ్ము పట్టించిన నేరంలో తర్వాతి ప్రభుత్వాలన్నిటికీ వాటా ఉంది.

కోపం ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేమనడానికి 2018 సెప్టెంబరు 23ను గుర్తు చేసుకోవచ్చు. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు చంపారు. రగిలిపోయిన అనుచరులు, జనం ఆ సాయంత్రం దాడి చేసింది డుంబ్రిగుడ, అరకు పోలీస్ స్టేషన్ల మీద. చంపినవాళ్లు అడవిలో ఉన్నారు. కాపాడతామన్నవాళ్లు కళ్ల ముందున్నారు.

గోదావరి దాటి వచ్చినవాళ్లు

తెలంగాణ పల్లెకు రెండు తుపాకుల నడుమ కనీసం ఊరు మిగిలింది. పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో అదీ మిగల్లేదు. 2005 జూన్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలైంది. ఆదివాసీ కుర్రాళ్లనే ప్రత్యేక పోలీసులుగా చేసి తుపాకీ ఇచ్చారు. క్యాంపుకు రానివాళ్లను "లోపలివాళ్ల" మనుషులన్నారు. క్యాంపుకు పోయినవాళ్లను పార్టీ శత్రువులన్నది. ఊళ్లు తగలబడ్డాయి, ఆరు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయని సుప్రీంకోర్టు ముందుకు వెళ్లినవాళ్లు చెప్పారు. 2011 జూలై 5న కోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. అప్పటికే వేల కుటుంబాలు అడవి దారిన నడిచి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చి పడ్డాయి. క్యాంపుకు పోనివాళ్లు, అడవిలో ఉండలేనివాళ్లు. రెండు వైపులూ మాకొద్దని కాళ్లతో చెప్పినవాళ్లు. సాయుధుల గురించి సామాన్యుడి అభిప్రాయం ఇంత స్పష్టంగా ఇంకెక్కడా వినపడలేదు.

మనం వాళ్లను గొత్తికోయలు అంటున్నాం. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, అడవి నరికారని ఫారెస్టోళ్లు గుడిసెలు పీకించిన గుంపులు చాలా ఉన్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు వీళ్లు ఆ లెక్కలో లేరు. అంతకు ముందు ఏడాది నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో ప్లాంటేషన్ తగాదాలో ఒక అటవీ రేంజి అధికారిని కొట్టి చంపారు. అది ఘోరం, చేసినవాళ్లకు శిక్ష పడాలి. కానీ ఆ వెంటనే మొత్తం గుంపునే ఛత్తీస్‌గఢ్ పంపెయ్యాలన్న తీర్మానం పంచాయతీలో వచ్చింది. ఎక్కడికి పంపాలని?

2025లో యుద్ధం వేగంగా ముగింపు వైపు కదిలింది. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మాడ్‌లో చనిపోయాడు. శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటలోని కుటుంబం శవం కోసం కోర్టుకెక్కినా, దహనం నారాయణపూర్‌లోనే జరిగింది. అక్టోబరులో కిషన్‌జీ తమ్ముడు వేణుగోపాల్ అరవై మందితో గడ్చిరోలిలో లొంగిపోయాడు. నవంబరు 18న మావోయిస్టు కమాండర్ హిడ్మా మారేడుమిల్లి అడవిలో చనిపోతే సుక్మా జిల్లాలోని అతని ఊరు పూవర్తికి శవాన్ని తెచ్చారు, ఊళ్ల నుంచి ఆదివాసులు ఏడుస్తూ వచ్చారు. టీవీల్లో అది చూసి కొందరికి కోపం వచ్చింది, కొందరికి ఉత్సాహం వచ్చింది. పెద్దపల్లి జనం అయితే ఆ ఏడుపును వెంటనే అర్థం చేసుకుని ఉంటారు.

2026 మార్చి 31 కల్లా మావోయిజం ఉండదని కేంద్రం గడువు పెట్టుకుంది. లొంగిపోయినవాళ్లకు ప్యాకేజీలు ఉన్నాయి, తలల మీది వెలలు వాళ్లకే ఇస్తున్నారు. చీటీ పక్కన చనిపోయినవాడి భార్యకు, ఎదురుకాల్పుల పేరుతో పోయిన కుర్రాడి తల్లికి ఒకే బల్ల ముందు కూర్చుని తమకు జరిగింది చెప్పుకునే అవకాశం ఈ నేల మీద ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో అయినా అటువంటి బహిరంగ విచారణ ఒకటి జరగాలి. ఇక గోదావరి దాటి వచ్చిన గూడేల్లో 2005 తర్వాత పుట్టిన పిల్లలకు ఇరవై ఏళ్లు వస్తున్నాయి. వాళ్లు తెలుగు మాట్లాడతారు, మన చేలల్లో మిర్చి ఏరుతారు, కులం సర్టిఫికెట్ కోసం మండలాఫీసుకు వచ్చి ఉత్త చేతులతో వెళ్తారు. ఆ కాగితం ఇవ్వడానికి పార్టీ ఉందా పోయిందా అన్నదానితో పని లేదు. హైదరాబాద్, రాయ్‌పూర్ ప్రభుత్వాలు కూర్చుని తేల్చాల్సిన విషయం అది. ఇరవై ఏళ్లుగా తేల్చలేదు.